పాత పేటలు, పాత బజార్లు: నడిచి చూడాలనుకునేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

ఏ నగరానికి వెళ్లినా నేను ముందు పాత పేటకే వెళ్తాను. మ్యూజియంలో అద్దాల వెనక పెట్టిన వస్తువులు పాత బజారులో ఇంకా పనిలో ఉంటాయి. తక్కెడ తూస్తూ ఉంటుంది, సుత్తి మోగుతూ ఉంటుంది, మోత మోసేవాడు "తప్పుకోండి" అని అరుస్తూ వెళ్తుంటాడు. చాలామంది అక్కడికి వెళ్లి నాలుగు ఫోటోలు తీసుకుని, ఒక చిన్న బొమ్మ కొనుక్కుని, గంటలో బయటపడతారు. ఆ ఊరు వాళ్లకు కనబడదు. అది పనిచేసే చోటు అని గుర్తు పెట్టుకుని చూస్తే మాత్రం వదిలి రావాలనిపించదు. ప్రయాణాలకు ముందు స్నేహితులు, చుట్టాలు నన్ను మళ్లీ మళ్లీ అడిగిన ప్రశ్నలకు జవాబులివి.

ఒక నగరంలో పాత పేట ఎక్కడ మొదలవుతుందో ఎలా తెలుస్తుంది?

మ్యాప్ తెరిచి వీధుల అల్లిక చూడండి. కొత్త ఊరు గళ్లు గీసినట్టు ఉంటుంది, పాత ఊరు చిక్కుపడ్డ దారపు ఉండలా ఉంటుంది. ఆ ఉండ చుట్టూ గుండ్రంగా ఒక వెడల్పాటి రోడ్డు కనిపిస్తే అక్కడ ఒకప్పుడు కోటగోడ ఉండి ఉండొచ్చు. వియన్నాలో రింగ్‌స్ట్రాస్ అలా వచ్చిందే. 1857లో చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ గోడలు తీసేయమని ఉత్తర్వు ఇచ్చాక, ఆ జాగాలోనే ఆ రోడ్డు వేశారు.

ఇంకో గుర్తు పేర్లు. అరబీలో 'బాబ్', టర్కిష్‌లో 'కపి', ఇటాలియన్‌లో 'పోర్తా', జర్మన్‌లో 'టోర్' అన్నా ద్వారమనే అర్థం. ద్వారం ఎప్పుడో కూలిపోయినా బస్ స్టాప్ పేరులోనో, ట్రామ్ స్టాప్ పేరులోనో బతికే ఉంటుంది. అలాంటి పేర్లను మ్యాప్‌లో ఒకదానితో ఒకటి కలుపుకుంటూ పోండి, పాత ఊరి పొలిమేర దానంతటదే తేలుతుంది. బయలుదేరే ముందు రాత్రి పావుగంట ఈ పని చేస్తే మర్నాడు నడకలో ఎంతో తేడా కనిపిస్తుంది.

వెళ్లేముందు ఏమేం కనుక్కోవాలి?

మొట్టమొదట సెలవు రోజు. ఇస్తాంబుల్‌లోని గ్రాండ్ బజార్ ఆదివారం మూసి ఉంటుంది. మొరాకోలోని ఫెజ్ పాత ఊళ్లో శుక్రవారం చాలా దుకాణాలు తెరవరు. అంత దూరం వెళ్లి దించిన షట్టర్లు చూసి రావడం నిజంగా బాధ.

రెండోది, ఆ బజారు ఇంకా అక్కడే ఉందా అన్నది. టోక్యోలో సుకిజి చేపల టోకు మార్కెట్ 2018 అక్టోబరులో తొయోసుకు మారిపోయింది. దాని బయట ఉన్న చిన్న దుకాణాల బజారు మాత్రం పాత చోటే ఉంది. పాత సమాచారం పట్టుకుని వెళ్లేవాళ్లు ఏది ఎక్కడుందో తెలియక తికమకపడతారు. సిరియాలోని అలెప్పోలో కిలోమీటర్ల పొడవునా కప్పు వేసిన బజారు 2012లో యుద్ధంలో తగలబడింది. ఆ ఊరి బజారు పాత ఫోటోలు చూసినప్పుడల్లా నాకు గుండె బరువెక్కుతుంది. చూడగలిగినవి ఉన్నప్పుడే చూడాలని అనుకోవడం నాకు అప్పటి నుంచే మొదలైంది.

ఒకే సరుకు అమ్మే దుకాణాలన్నీ ఒకే వీధిలో ఎందుకుంటాయి? పోటీ దెబ్బతీయదా?

పాత బజారును అర్థం చేసుకోవడానికి ఇంతకంటే మంచి ప్రశ్న లేదు. ఈ జవాబు తెలిస్తే బజారు సగం తెలిసినట్టే.

కొనేవాడి వైపు నుంచి చూడండి. ఇత్తడి బిందె కావాలి. ఇరవై దుకాణాలు ఒకేచోట ఉంటే నాలుగు చూసి, ధర పోల్చుకుని కొనొచ్చు. అందుకే దూరం నుంచి కూడా జనం అక్కడికే వస్తారు. అమ్మేవాడికి ఆ జనమే లాభం, ఒంటరిగా ఇంకెక్కడో కొట్టు పెడితే అడిగే దిక్కుండదు. ఒకే పని చేసేవాళ్లు పక్కపక్కన ఉంటే ముడిసరుకు కలిసి తెప్పించుకోవచ్చు, పనిముట్టు విరిగితే పక్కవాడిని అడగొచ్చు, పిల్లలకు పని నేర్పొచ్చు. పాలకులకూ ఇది సులువే. పన్ను వసూలు చేయడానికీ, తూకాల్లో మోసం పట్టుకోవడానికీ ఒక వీధి తిరిగితే చాలు. వృత్తి సంఘాలు కూడా తమవాళ్లు ఒకేచోట ఉండాలనే కోరుకునేవి.

దీని ఆనవాళ్లు వీధి పేర్లలో మిగిలిపోయాయి. లండన్‌లో చీప్‌సైడ్ అన్న పేరులోని 'చీప్'కు పాత ఇంగ్లిష్‌లో బజారు అని అర్థం. దాని పక్క వీధులు బ్రెడ్ స్ట్రీట్, మిల్క్ స్ట్రీట్, పౌల్ట్రీ. అంటే రొట్టెల వీధి, పాల వీధి, కోళ్ల వీధి. ఇప్పుడక్కడ ఉన్నవి ఆఫీసులే. వియత్నాం రాజధాని హనోయ్ పాత పేటలో చాలా వీధుల పేర్లు 'హాంగ్' అని మొదలవుతాయి. సరుకు అని దానర్థం, దాని పక్కనే సరుకు పేరు. హాంగ్ బాక్ అంటే వెండి సరుకు, అక్కడ నేటికీ నగల దుకాణాలున్నాయి. హాంగ్ మా వీధిలో పూజల్లో తగలబెట్టే కాగితపు వస్తువులు ఇప్పటికీ అమ్ముతారు. ఇస్తాంబుల్ గ్రాండ్ బజార్‌లో ప్రధాన వీధి పేరు కల్పక్చిలర్, అంటే కల్పక్ అనే ఉన్ని టోపీలు చేసేవాళ్ల వీధి. నేడు ఆ వీధి నిండా బంగారు నగల దుకాణాలే. టోపీలు పోయాయి, పేరు నిలిచింది. వీధి పేరుకు అర్థమేమిటో అక్కడి దుకాణదారుణ్ణి అడగడం మాట కలపడానికి మంచి దారి. నాకు తెలిసి ఆ ప్రశ్నకు విసుక్కున్నవాళ్లు లేరు.

ఇంకొకటి కూడా గమనించండి, ఏ సరుకు ఎక్కడుందో అన్నది. ఫెజ్‌లో అల్ కరవియ్యీన్ మసీదు 859లో మొదలైంది. సుగంధ ద్రవ్యాల బజారు దాని దగ్గరే ఉంది. ఖరీదైన బట్టల బజారుకు రాత్రి తాళం వేసే తలుపులుండేవి. తోళ్లు శుద్ధి చేసే చువారా తొట్లు నది ఒడ్డున ఉన్నాయి. ఆ పనికి బోలెడు నీళ్లు కావాలి, మురికి పారాలి, దానికితోడు వాసన భరించలేం. పావురాల రెట్ట, సున్నం వాడతారు మరి. ఇలా గుడికో మసీదుకో దగ్గర శుభ్రమైన సరుకు, దూరంగా చప్పుడూ వాసనా ఉన్న పనులు అనే వరస చాలా పాత ఊళ్లలో కనిపిస్తుంది. అది కనిపెడితే ముక్కుతోనూ చెవులతోనూ ఊరి నడిబొడ్డుకు ఎంత దూరంలో ఉన్నారో చెప్పగలరు.

సందులు అంత ఇరుగ్గా, వంకరగా ఎందుకుంటాయి?

ఎండ మండే ఊళ్లలో ఇరుకు సందు నీడనిస్తుంది. రెండు వైపులా ఎత్తైన గోడలుంటే నడినెత్తిన సూర్యుడున్న కాసేపు తప్ప ఎండ కిందికి దిగదు. పైగా బరువు మోసింది గాడిదలు, కంచరగాడిదలు, మనుషులు. బండి నడవని చోట వెడల్పు దండగ. ఫెజ్ పాత ఊళ్లో నేటికీ కార్లు తిరగవు, సరుకు కంచరగాడిదల మీదే వెళ్తుంది. వెనక నుంచి "బాలక్!" (తప్పుకో అని) అరుపు వినిపిస్తే గోడకు అతుక్కుపోండి. ఎవరినన్నారో అని తిరిగి చూసే వ్యవధి ఉండదు.

ముందుకు దారి లేని గొందులు కనిపిస్తే అవి పొరపాటున కట్టినవి కావు. ఆ గొంది అందులోని నాలుగైదు ఇళ్లవాళ్లది, ఒకరకంగా వాళ్ల ఉమ్మడి వాకిలి. అందుకే అందులోకి ఊరికే చొరబడకూడదు. పాత ఊళ్లన్నీ వంకరవే అనుకోవద్దు కూడా. 1727లో పునాది పడిన జైపూర్‌ను ముందే గీసుకుని కట్టారు. బజారు వీధులు నిటారుగా, వెడల్పుగా, దుకాణాలు వరసగా ఉంటాయి.

ఏ వేళకు వెళ్తే మంచిది?

ఒకే చోటికి రెండుసార్లు వెళ్లండి. ఇది నేను ఎంత చెప్పినా తక్కువే. పొద్దున్నే వెళ్తే బజారు తనకోసం తాను పనిచేసుకుంటూ కనిపిస్తుంది. షట్టర్లు లేస్తాయి, గుమ్మాల ముందు నీళ్లు చల్లుతారు, టోకు సరుకు దిగుతుంది, పక్క కొట్టు వాళ్లతో టీలు తాగుతారు. మధ్యాహ్నానికి పర్యాటకుల కోసం పనిచేయడం మొదలవుతుంది. సాయంత్రం ఊరివాళ్లు ఇంటికి సామాన్లు కొనుక్కోవడానికి వస్తారు.

కొన్ని చోట్ల వేళతోపాటు బజారే మారిపోతుంది. అహ్మదాబాద్ మాణెక్ చౌక్ పగలు నగల బజారు, రాత్రయితే అదే జాగా తినుబండారాల బజారు. ఒక్క పూట చూసి వచ్చేవాళ్లకు ఇందులో సగం తెలియనే తెలియదు. ప్రార్థన వేళలు, మధ్యాహ్నం విరామం ఉండే ఊళ్లు, పండుగ నెలలు కూడా ముందే కనుక్కోండి.

ఎన్ని రోజులు పెట్టుకోవాలి?

ఒక పేటకు ఒక పూట, తక్కువలో తక్కువ. ఒకే రోజు నాలుగు పేటలు చుట్టేస్తే సాయంత్రానికి కాళ్ల నొప్పులు తప్ప ఏదీ గుర్తుండదు.

దారి తప్పితే ఎలా? ఫోన్‌లో మ్యాప్ ఉంటే చాలదా?

చాలదు. ఇరుకు సందుల్లో ఉపగ్రహం సిగ్నల్ నేరుగా ఫోన్‌కు అందదు, గోడలకు తగిలి తిరిగి వస్తుంది. అందుకే నీలిచుక్క మిమ్మల్ని పక్క వీధిలో ఉన్నట్టు చూపిస్తుంది. కప్పు వేసిన బజారులో అయితే మరీ కష్టం. మ్యాప్‌ను ముందే ఆఫ్‌లైన్‌లో దించుకోండి కానీ దాన్నే నమ్ముకోవద్దు.

ఊరే ఇచ్చే గుర్తులు పట్టుకోండి. ఫెజ్‌లో బాబ్ బూ జెలూద్ ద్వారం దగ్గర మొదలయ్యే తలా కెబీరా, తలా స్గీరా అనే రెండు పెద్ద వీధులు లోపలికి పల్లంగా దిగుతాయి. కాబట్టి దారి తప్పితే ఎత్తుగా ఉన్న వైపు నడిస్తే ద్వారం వైపుకు వస్తారు. వెనిస్‌లో గోడల మీద 'పెర్ రియాల్తో', 'పెర్ సాన్ మార్కో' అని బాణం గుర్తుతో రాసి ఉంటుంది. పెర్ అంటే అటువైపు అని, రియాల్తో ఒక వంతెన, సాన్ మార్కో ఒక పెద్ద కూడలి. అక్కడ ఇంటి నంబర్లు వీధి వారీగా ఉండవు, ఊరిని ఆరు భాగాలు చేసి ఒక్కో భాగానికి ఒక్క వరసలో వేలల్లో వేశారు. అందుకే అడ్రస్ చేతిలో ఉన్నా ఇల్లు దొరకదు, దగ్గర్లోని వంతెన పేరో చర్చి పేరో అడిగి పెట్టుకోవాలి.

నేనైతే ప్రతి మలుపులో ఆగి ఒకసారి వెనక్కి తిరిగి చూస్తాను. వచ్చేటప్పుడు ఆ వీధి ఎలా కనిపిస్తుందో తెలియాలి కదా. బస చేసిన చోటి పేరు అక్కడి లిపిలో రాయించిన కార్డు జేబులో ఉంచుకుంటాను. ఇక టెన్షన్ ఎందుకు? జనం ఎక్కువగా నడిచే వైపు నడిస్తే ఏదో ఒక పెద్ద వీధి తగులుతుంది. ఎవరినైనా అడగాలంటే ఊరికే నిలబడ్డవాళ్లను కాకుండా, దుకాణంలో కూర్చున్నవాళ్లను అడగండి. వాళ్లు కొట్టు వదిలి మీ వెంట రారు, దారి చెప్పి ఊరుకుంటారు.

గైడ్ అవసరమా?

మొదటి పూటకు ఉంటే మంచిది, రెండో పూట ఒంటరిగా తిరగండి. లైసెన్స్ ఉన్న గైడ్‌ను బస చేసిన చోటు ద్వారానో, పర్యాటక శాఖ ద్వారానో మాట్లాడుకోండి. "దుకాణాలకు తీసుకెళ్లొద్దు" అని ముందే చెప్పండి. కొన్న ప్రతి వస్తువు మీద కమిషన్ అందే పద్ధతి చాలా చోట్ల ఉంది.

డబ్బు పెట్టి గైడ్‌ను తీసుకోలేకపోతే వేరే దారులున్నాయి. 1992లో న్యూయార్క్‌లో మొదలైన గ్రీటర్ పద్ధతి ఇప్పుడు చాలా దేశాల్లో ఉంది. ఊరివాళ్లే స్వచ్ఛందంగా తమ పేటను నడిపించి చూపిస్తారు. టొరంటోలో 2007లో మొదలైన జేన్స్ వాక్ కూడా అలాంటిదే, ఏటా మే మొదట్లో జరుగుతుంది. అహ్మదాబాద్‌లో 1997 నుంచి నగరపాలక సంస్థ నడిపే హెరిటేజ్ వాక్ కాలూపూర్ స్వామినారాయణ మందిరం దగ్గర మొదలై, పోళ్లనే పాత వాడల గుండా సాగుతుంది.

చరిత్ర పెద్దగా తెలియదు. ఏం చూడాలో ఎలా తెలుస్తుంది?

పుస్తకం అక్కర్లేదు, చేతికి అందే ఎత్తులో ఉన్నవి చూడండి. గుమ్మం రాయి మధ్యలో అరిగి గుంట పడిందా? ఎన్నో తరాల కాళ్లు అక్కడ పడ్డాయన్నమాట. గోడకు ఇనుప కడియం ఉందా? జంతువులను కట్టేవారు. ద్వారం తలుపు ఇంటి సైజుకు మించి పెద్దదిగా ఉండి, అందులోనే మనిషి పట్టేంత చిన్న తలుపు ఉందా? పెద్ద తలుపు బరువెత్తిన ఒంటె కోసం, చిన్నది రాత్రి వచ్చే మనిషి కోసం. లోపల వాకిలి చుట్టూ కింద కొట్లు, గోదాములు, పైన గదులు ఉంటే అది వర్తకుల సత్రం. ఇస్తాంబుల్‌లో 1651లో కట్టిన బుయుక్ వాలిదే హన్ అలాంటిదే.

బజారు గుర్తుల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనవి కొలతలు. జర్మనీలోని ఫ్రైబుర్గ్ చర్చి చుట్టూ ఇప్పటికీ సంత జరుగుతుంది. ఆ చర్చి గోపురం కింది రాళ్ల మీద రొట్టెల ఆకారాలు చెక్కి ఉన్నాయి, పక్కన 1270, 1317, 1320 అని సంవత్సరాలు. ఆ ఏడాది ఆ రొట్టె ఎంత ఉండాలో చెప్పే గుర్తులవి. కొన్న రొట్టె చిన్నదిగా ఉందనిపిస్తే నేరుగా వచ్చి ఆ రాతికి ఆనించి చూసుకోవచ్చు. వియన్నాలో సెయింట్ స్టీఫెన్ చర్చి ప్రధాన ద్వారం పక్కన గోడలో రెండు ఇనుప కడ్డీలు బిగించి ఉంటాయి. ఒకటి నార బట్టకు గజం, ఇంకొకటి ఉన్ని బట్టకు గజం, రెండూ ఒక పొడవు కావు. రోమ్‌లో పోర్తికో దొత్తావియా దగ్గర చేపల సంత జరిగిన చోట ఒక పాలరాతి పలక ఉంది. ఆ పలక కంటే పొడవైన చేప పడితే దాని తలను నగర అధికారులకు ఇవ్వాలని లాటిన్‌లో రాసి ఉంటుంది.

తక్కువ తూచడం, ఎక్కువ లాగడం, దాన్ని పట్టుకోవడానికి రాతి మీద కొలత చెక్కడం, ఇవన్నీ మనకు తెలియనివా? ఆ రాతి మీద చేయి పెడితే ఏడు వందల ఏళ్ల కిందటి కొనుగోలుదారు మన పక్కనే నిలబడ్డట్టు అనిపిస్తుంది.

మనుషులు చేసే పని ముందు కూడా ఆగండి. ఫెజ్‌లో రాగి పని చేసేవాళ్ల సెఫ్ఫారీన్ కూడలిలో ఒకాయన పని చూస్తే చాలు. పాత్రను ఇనుప దిమ్మ మీద పెట్టి ఎడమ చేత్తో కొంచెం కొంచెం తిప్పుతుంటాడు, కుడి చేతి సుత్తి ఆగకుండా పడుతుంటుంది. దెబ్బ పడ్డ చోట వేలెడంత గుంట, దాని పక్కనే ఇంకొకటి, చేప పొలుసుల్లా వరస కడతాయి. రాగి సాగేకొద్దీ చప్పుడు మారుతుంది, ఆయన ఆ చప్పుడు విని సుత్తి మారుస్తాడు. పది నిమిషాలు కదలకుండా చూడండి. ఆ తర్వాత చేత్తో చేసిన పాత్రను, మిషన్‌లో అచ్చు గుద్దిన పాత్రను మీరు చూపుతోనే వేరు చేయగలరు.

ఇదంతా నిజంగా పాతదేనా, పర్యాటకుల కోసం కట్టినదా?

రెండూ ఉంటాయి, తెలుసుకుని చూడడంలోనే ఆనందం. పోలండ్ రాజధాని వార్సా పాత పేట రెండో ప్రపంచ యుద్ధంలో నేలమట్టమైంది. ఊరివాళ్లు దాన్ని పాత నక్షాలు, 18వ శతాబ్దపు చిత్రకారుడు బెల్లొత్తో గీసిన నగర దృశ్యాలు చూసి మళ్లీ కట్టుకున్నారు. 1980లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అది కొత్త కట్టడమని తెలిశాక నాకు దాని మీద గౌరవం పెరిగింది.

బార్సిలోనా గోతిక్ పేట సంగతి వేరు. అందులో నిజంగా మధ్యయుగానివి చాలా ఉన్నాయి. అయితే అందరూ ఫోటో తీసుకునే బిషప్ వంతెన 1928లో కట్టింది. ఏది ఎప్పటిదో అడగడం తప్పు కాదు.

బేరం ఆడాలా? ఎలా?

ముందు నాలుగు దుకాణాల్లో ఊరికే ధర కనుక్కోండి. వస్తువు మీద ధర రాసి ఉంటే బేరం వద్దు. బేరం ఆడే చోటైతే, మీకు అది ఎంతకైతే ఇష్టమో మనసులో అనుకుని మొదలుపెట్టండి, నవ్వుతూ ఆడండి. ఒక్కటి మాత్రం గట్టిగా పట్టించుకోవాలి. మీరు ఒక ధర చెప్పి, ఆయన సరే అన్నాక, కొనకుండా వెళ్లిపోకూడదు. కొనే ఉద్దేశం లేకపోతే ధరే చెప్పొద్దు.

చేత్తో పనిచేసి, చేసినదాన్ని తనే అమ్ముకునేవాడి దగ్గర నేను గట్టిగా బేరం ఆడను. ఆ మిగిలే కొద్దిపాటి డబ్బు నాకంటే ఆయనకే ఎక్కువ అవసరం.

అసలు సరుకు, నకిలీ సరుకు ఎలా తెలుస్తుంది?

ప్రతి సరుకుకూ ఒక కిటుకు ఉంటుంది, తివాచీ సంగతి చెప్తాను. తిరగేసి చూడండి. చేత్తో ముడులు వేసినదైతే వెనక వైపు కూడా డిజైన్ స్పష్టంగా కనిపిస్తుంది, ముడులు చిన్న చిన్న గింజల్లా ఉండి, అక్కడక్కడ కాస్త హెచ్చుతగ్గులుంటాయి. అంచు కుచ్చులు తివాచీ లోపలి పడుగు దారాలే బయటికి వచ్చినవై ఉండాలి. కుచ్చులను వేరేగా కుట్టి ఉంటే అనుమానించండి. తడి తెల్ల గుడ్డతో మెల్లగా రుద్దితే రంగు అంటుకోకూడదు.

'పురాతన వస్తువు' అని అమ్మేవాటితో చాలా జాగ్రత్త. నకిలీ అయితే డబ్బు పోతుంది, అసలైనదైతే కేసు అవుతుంది. చాలా దేశాలు పాత వస్తువులను అనుమతి లేకుండా బయటికి పోనివ్వవు. మన దేశంలో 1972 చట్టం ప్రకారం వందేళ్లు దాటిన కళావస్తువులను, 75 ఏళ్లు దాటిన విలువైన రాతప్రతులను కేంద్ర ప్రభుత్వమో, అది అధికారమిచ్చిన సంస్థో తప్ప ఇంకెవరూ ఎగుమతి చేయకూడదు. ఏనుగు దంతం, తాబేలు చిప్ప, పగడం లాంటివి ముట్టుకోకపోవడమే మేలు.

ఫోటోలు తీయొచ్చా?

వీధినీ, గోడలనూ తీసుకోండి. మనిషిని తీయాలంటే కెమెరా చూపించి, తల ఊపేదాకా ఆగండి. పిల్లలను తల్లిదండ్రులు ఒప్పుకుంటే తప్ప తీయొద్దు. పని చేసుకునేవాళ్లను తీస్తే, తీశాక వాళ్లకు చూపించండి. ఆ ఒక్క పనితో చాలా తలుపులు తెరుచుకుంటాయి. జపాన్‌లో క్యోటోలోని గియోన్ పేటలో గైషాలనే సంప్రదాయ కళాకారిణుల వెంటపడి ఫోటోలు తీసేవాళ్లతో విసిగిపోయి, అక్కడివాళ్లు 2019లో తమ సొంత సందుల్లో ఫోటోలు నిషేధించారు. 2024లో కొన్ని సందుల్లోకి పర్యాటకులు అసలే రాకూడదన్నారు. తప్పు మనలాంటి వాళ్లదే.

దొంగలు, మోసాల భయం ఎంత?

జనం ఒత్తుకునే చోట జేబుదొంగలుంటారు. ఫోన్ వెనక జేబులో వద్దు. బ్యాగ్ ఛాతీ మీదికి అడ్డంగా వేసుకోండి. పాస్‌పోర్ట్ గదిలో ఉంచి, కాపీ దగ్గర పెట్టుకోండి. ఎవరో మీ మీద ఏదో ఒలకబోసి తుడవడానికి వస్తే, ముందు పర్స్ పట్టుకోండి.

"అటు దారి మూసేశారు, ఇటు రండి" అనే మాట చాలా ఊళ్లలో వినిపిస్తుంది. ఒకసారి నేనూ ఆ మాట నమ్మి ఒక కుర్రవాడి వెంట వెళ్లాను. పావుగంట తిప్పి ఒక దుకాణంలో కూర్చోబెట్టాడు, బయటికి వచ్చేసరికి పొద్దు వాలింది. మూసేశారన్న దారిలోకి వెళ్లి చూస్తే తెరిచే ఉంది. అప్పటి నుంచి థాంక్స్ చెప్పి, నడక ఆపకుండా, నా కళ్లతో నేను చూసుకుంటున్నాను.

ఆడవాళ్లు ఒంటరిగా తిరగొచ్చా?

పగటిపూట, జనం ఉన్న బజారు వీధుల్లో చాలామంది తిరుగుతున్నారు. దుకాణాలు కట్టేశాక అవే సందులు ఒక్కసారిగా నిర్మానుష్యమవుతాయి, ఆ వేళకు బయటపడండి. ఆ పేటలో ఉండే ఆడవాళ్ల తీరు గమనించి బట్టలు వేసుకోండి. ప్రార్థనా స్థలాల కోసం ఒక చున్నీ దగ్గర ఉంచుకోండి. దారి అడగాల్సి వస్తే ఆడవాళ్లు నడిపే కొట్టు చూసుకుని అడగండి.

పెద్దవాళ్లతో, చిన్నపిల్లలతో వెళ్లడం కష్టమా?

రాళ్లు పరిచిన నేల, మెట్లు, ఎగుడుదిగుళ్లు ఉంటాయి. చక్రాల కుర్చీకి, పిల్లల తోపుడు బండికి చాలా చోట్ల దారి ఉండదు. కాబట్టి చదునుగా ఉన్న ఒక్క వీధి ఎంచుకుని, మధ్యలో కూర్చునే చోటు ముందే చూసుకోండి. బాత్రూమ్ పెద్ద మసీదు, మ్యూజియం, హోటల్ దగ్గర దొరుకుతుంది, చిల్లర దగ్గర పెట్టుకోండి. బూట్లు పాతవే వేసుకోండి.

పాత పేటలోనే బస చేస్తే?

వీలైతే చేయండి, కనీసం ఒక్క రాత్రి. తెల్లవారుజామున ఆ సందుల్లో నడిచే అవకాశం అక్కడ ఉన్నవాళ్లకే దొరుకుతుంది. కాకపోతే టాక్సీ గుమ్మం దాకా రాదు, చక్రాల సూట్‌కేస్ రాళ్ల మీద నడవదు. వీపున వేసుకునే బ్యాగ్ మంచిది. ద్వారం దగ్గరికి ఎవరినైనా పంపమని బస వాళ్లను ముందే అడగండి.

అయితే అద్దె గదుల కోసం ఊరివాళ్ల ఇళ్లు ఖాళీ అవుతున్న పేటలూ ఉన్నాయి. వెనిస్ పాత నగరంలో 1951లో సుమారు 1,75,000 మంది ఉండేవాళ్లు. 2022లో ఆ సంఖ్య 50,000 కంటే కిందికి దిగింది. ఒక్కరోజుకు వచ్చి పోయేవాళ్ల దగ్గర కొన్ని తేదీల్లో రుసుము వసూలు చేయడం ఆ నగరం 2024 ఏప్రిల్‌లో మొదలుపెట్టింది. అందుకని యజమాని అదే ఇంట్లో ఉండే బసను, చాలా ఏళ్లుగా నడుస్తున్న చిన్న హోటల్‌ను ఎంచుకోవడం నాకు సరైన పని అనిపిస్తుంది. పర్యాటకుల కోసమే పెట్టిన దుకాణం కంటే, ఊరివాళ్లు చీపురు, తాళం, సూదీదారం కొనే దుకాణంలో ఏదైనా కొనండి. ఆ కొట్టు నిలబడితేనే ఆ పేటలో మనుషులు నిలుస్తారు.

నాకు ఒక్క పూటే ఉంది. ఏం చేయను?

పొద్దున్నే దుకాణాలు తెరిచే వేళకు ఏదైనా పాత ద్వారం దగ్గరికి చేరుకోండి. అక్కడి నుంచి ప్రధాన వీధిలో ఊరి పెద్ద గుడి, మసీదు లేదా చర్చి దాకా నడవండి. దారిలో సరుకులు ఎక్కడ ఎలా మారుతున్నాయో గమనించండి. చేత్తో పని జరిగే ఒక చోటు చూసుకుని అరగంట కూర్చోండి, కుదిరితే ఆయన దగ్గరే ఒక చిన్న వస్తువు కొనుక్కోండి. తిరిగి వచ్చేటప్పుడు వచ్చిన వీధిలో కాకుండా దాని పక్క సందులో రండి. బట్టలు ఆరేసేవాళ్లు, బడికి పోయే పిల్లలు, మెట్ల మీద కూర్చుని ఆకుకూర ఏరుకునే ముసలావిడ ఆ సందులోనే కనిపిస్తారు.